బతికిన లెక్క ఎవరడగాలి?

జులై వస్తే చాలు, మన ప్రభుత్వాలకు పూనకం వస్తుంది. ఒక్క రోజులో కోటి మొక్కలంటారు. గంటలో ఇన్ని లక్షలంటారు. మంత్రిగారు కొత్త పారతో రెండు మట్టిపెళ్లలు గుంటలోకి తోసి కెమెరా వైపు తిరుగుతారు. బడిపిల్లలు ఎండలో వరసకట్టి చప్పట్లు కొడతారు. మర్నాడు పేపర్లో అంకె వస్తుంది. ఆ తర్వాత ఏమీ రాదు. ఆ మొక్క ఏమైందో పేపరు రాయదు, శాఖ చెప్పదు, మనం అడగం.

కేంద్ర వ్యవసాయ మంత్రిగా కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టింది 1950లో. డెబ్బై అయిదేళ్లు దాటిపోయాయి. ఇన్నేళ్లలో ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, "మూడేళ్ల కిందట ఫలానా చోట ఇన్ని నాటాం, ఇన్ని చచ్చాయి, ఇందుకు చచ్చాయి" అని తనంతట తాను ఒక ప్రకటన ఇచ్చిన గుర్తు మీకుందా? నాకు లేదు. తెలంగాణలో 2015 జులై 3న చిలుకూరులో హరితహారం మొదలుపెట్టి 230 కోట్ల మొక్కలు లక్ష్యమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం వనం-మనం అంది, ఇంకో ప్రభుత్వం జగనన్న పచ్చతోరణం అంది. 2024లో హరితహారం బోర్డు దించేసి మళ్లీ వనమహోత్సవం బోర్డు ఎక్కించారు. సర్కారు మారినప్పుడల్లా పేరు మారుతోంది. గుంట అదే, నర్సరీ అదే, అంకె కోసం పడే ఆత్రమూ అదే.

రోడ్డు పక్కన ఎండి నిలబడ్డ వరసలోంచి ఒక మొక్కను పీకి చూశాను. సులువుగా చేతికొచ్చేసింది. నల్ల పాలిథిన్ కవరు తియ్యకుండానే పాతారు. వేళ్లు కవరు గోడ దాటలేక లోపలే చుట్టలు చుట్టుకుని, అడుగున ముద్దకట్టి, అట్లాగే ఎండిపోయాయి. గుంటలో మట్టి మంచిదే. జానెడు లోతున చెమ్మ కూడా ఉంది. పక్కది పీకాను. దానిదీ అదే కత. ఆ పక్కదానికి కవరు తీశారు గానీ పాదు లేదు, కంచె లేదు, మేక కొరికిన మొండెం మాత్రం ఉంది. వరస మొదట్లో పాతిన సిమెంటు బోర్డు ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. పనికి మంజూరైన సొమ్ము ఎంతో దాని మీద స్పష్టంగా కనబడుతోంది.

పాతిన కూలీని తిట్టడం నీచం. అతనికి డబ్బు గుంట లెక్కన. మస్టరులో "నాటడమైనది" అని పడితే ఆ రోజు కూలి పడుతుంది. ఫొటో తీసి జియోట్యాగ్ చేసేనాటికి మొక్క నిటారుగానే ఉంది కదా. ఎం.బుక్కులో రాసిన కొలత నిజం, బిల్లు నిజం, ఫొటో నిజం. మొక్క చచ్చిందని రాయడానికి గడి లేదు. ఎన్ని ఆపరేషన్లు చేశామో గోడ మీద రాసుకుని, రోగుల్లో ఎందరు బతికారో చెప్పని ఆస్పత్రికి మనలో ఒక్కరైనా వెళతామా? అడవుల విషయంలో మాత్రం అలాంటి ఆస్పత్రికే ఏటా వేల కోట్లు కడుతున్నాం.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. బతక్కపోతే చర్యలంది. విన్నప్పుడు సంతోషించాను. తర్వాత చూస్తే, లెక్క రాసేది ఎవరు? నాటినవాళ్లే. చచ్చినచోట గ్యాప్ ఫిల్లింగ్ అని కొత్త మొక్క పెడతారు, మళ్లీ నూరు శాతం పచ్చగా ఉన్నట్టు కాగితం తయారవుతుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే 85 కాదు, 99 కూడా వస్తుంది. పైగా అక్కడ లెక్కించేది మొక్కలను. ఆ నేల బాగుపడిందా, ఆ నీరు నిలిచిందా, పోయిన పిట్ట తిరిగొచ్చిందా అన్నది చట్టానికీ అక్కర్లేకపోయింది.

ఇక పైనుంచి చూసే లెక్క ఇంకో ప్రహసనం. భారత అటవీ సర్వే దృష్టిలో హెక్టారుకు మించిన విస్తీర్ణంలో పది శాతం పైన చెట్ల నీడ కనబడితే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏది అన్న ప్రశ్న లేదు. జామాయిల్ తోట అడవే. కొబ్బరి తోట అడవే. మామిడి తోట అడవే. ఆ సర్వే 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం పెరుగుదలలో ఆంధ్రప్రదేశ్ 647 చదరపు కిలోమీటర్లతో దేశంలో మొదటిది, తెలంగాణ 632తో రెండోది. రెండు రాష్ట్రాల్లోనూ చప్పట్లు మోగాయి. అందులో అడవి ఎంత, జామాయిల్ ఎంత అని ఏ శాసనసభలో ఎవరు నిలదీశారు?

కోనోకార్పస్ సంగతి తెలియనివారు లేరు. ఎక్కడో అరేబియా, ఆఫ్రికా తీరాల చెట్టు. త్వరగా పెరుగుతుంది, పశువు ముట్టదు, ఫొటోకు పచ్చగా ఉంటుంది. అంకెలు కావలసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఊరూరా, డివైడరు డివైడరుకూ దించారు. ఎలర్జీ అని, పైపుల్లోకి వేళ్లు పోతున్నాయని గోల లేచాక, ఇక నర్సరీల్లో పెంచొద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. గుజరాత్ 2023లో నిషేధించింది. ఇప్పుడు నరికే టెండర్లు. నాటినప్పుడు బిల్లు, నరికినప్పుడు బిల్లు. ఎంపిక చేసినవాళ్లెవరో ఏ ఫైల్లోనూ ఉండదు. దీనికి పెద్దన్న మన కడప జిల్లాలోనే ఉంది. 1870ల్లో అప్పటి అటవీ అధికారులు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కమలాపురంలో చల్లించారు. అదే సర్కారు తుమ్మ. వంటచెరుకు దొరుకుతుందని, బీడు పచ్చబడుతుందని చల్లారు. దొరికింది, కాదనను. దాంతోపాటు చెరువు శిఖాలు, పశువుల బీళ్లు, వాగుల గట్లు అన్నీ దాని పాలయ్యాయి. నూటయాభై ఏళ్లుగా ఆ ముళ్లు తొక్కుతూ కూడా, నాటేముందు "ఇక్కడ ముందు ఏముండేది?" అన్న ఒక్క ప్రశ్న నేర్చుకోలేదు మనం.

ఆ ప్రశ్న అడగడానికి ప్రమాణాలు లేవా అంటే, బోలెడున్నాయి. ఒళ్లు మండేది అక్కడే. సొసైటీ ఫర్ ఎకలాజికల్ రెస్టొరేషన్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం 2016లో మెక్సికోలోని కాంకూన్‌లో జీవవైవిధ్య సదస్సు జరుగుతుండగా పర్యావరణ పునరుద్ధరణకు ఉమ్మడి ప్రమాణాలు ప్రకటించింది. 2019లో సవరించి రెండో కూర్పు తెచ్చింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా పునరుద్ధరణ దశాబ్దం అంది. అందుకోసం ఆహార వ్యవసాయ సంస్థ, ఐయూసీఎన్, ఈ సంఘం కలిసి పది సూత్రాలు, వాటి వెంట ఆచరణ ప్రమాణాలు రాసిపెట్టాయి. మన దేశం 2030కల్లా 2.6 కోట్ల హెక్టార్ల పాడైన భూమిని బాగుచేస్తానని 2019లో ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడాలో ప్రపంచం ముందు మాటిచ్చింది. మాట ఇచ్చిన చేతులకు ఆ పుస్తకం తెరిచే తీరిక దొరకలేదు.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బాగుచెయ్యబోయే చోట పూర్వం ఏ రకం జీవావరణం ఉండేదో, దానికి దగ్గరగా ఇప్పటికీ మిగిలిన తావు ఎక్కడుందో ముందు గుర్తించి దాన్ని నమూనాగా పెట్టుకోమంటుంది. పాడు చేసిన కారణాన్ని ముందు తీసెయ్యమంటుంది. అక్కడ బతికే జనాన్ని మొదటినుంచీ కూర్చోబెట్టమంటుంది. కొలవగలిగిన లక్ష్యాలు రాసుకుని, ఏళ్ల తరబడి కొలుస్తూ, ఫలితం మంచైనా చెడైనా బయటపెట్టమంటుంది. కొలవడానికి ఆరు సంగతులిస్తుంది: ముప్పు తొలగిందా, నేలా నీరూ బాగుపడ్డాయా, ఉండవలసిన జాతులు ఉన్నాయా, చెట్టూ పొదా గడ్డీ అంచెలంచెలుగా కుదురుకున్నాయా, ఆ తావు తన పని తాను చేసుకుపోతోందా, చుట్టుపక్కల నీళ్లతో, అడవులతో తెగిన లంకె మళ్లీ కలిసిందా. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. అంతే. ఏ చెట్టు నాటాలో ఢిల్లీ నుంచో వాషింగ్టన్ నుంచో ఎవడూ చెప్పడు. "విదేశీ కొలతలు మనకు కుదరవు" అని వేదికలెక్కే పెద్దమనుషులు ముందు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు. మీ ఊరి సంగతి మీ ఊరివాళ్లను అడిగి రాయమనే చెబుతోందది.

ఈ ఆరు ప్రశ్నలు పట్టుకుని ఒక్కసారి కొల్లేటికి పోదాం.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువుల గట్లు. అందులో వింత లేదు. 1970ల్లో సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వించి, చేపలు పెంచుకోమని నేర్పింది ప్రభుత్వమే. ఆ వెనక డబ్బున్నవాళ్లు వచ్చారు, లీజులు వచ్చాయి, మేత లారీలు వచ్చాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2006లో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. టీవీలు చూపించాయి. నీరు ఒకదాన్లోంచి ఒకదాన్లోకి పారింది. సరస్సు తిరిగొచ్చిందని రాశారు. నాకు తెలిసి మన తెలుగు నేల మీద ఇంత పెద్ద పునరుద్ధరణ పని అంతకుముందు జరగలేదు.

రెండేళ్లు తిరక్కుండా, 2008లో, అదే రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. గట్లు తెంచిన చేత్తోనే సరస్సును కత్తిరించమని సంతకం.

ముప్పు తొలగిందా? తెంచిన గట్లలో చాలా భాగం మళ్లీ లేచాయి. ఒకచోట తెంచడం, ఒకచోట కట్టడం, కేసులు, కమిటీలు, మళ్లీ తెంచడం. రెండు దశాబ్దాలు అదే తంతు. నీరు బాగుపడిందా? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు పంటకాలువల మురుగు, పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల మురుగు, చెరువుల మేత నీళ్లు అన్నీ దిగేది అక్కడికే. బయటికి పోయేది మాత్రం ఒక్క ఉప్పుటేరు. అది పూడుకుంటూ, ఆక్రమణలతో ఇరుకవుతూ ఉంటే వానాకాలం ఊళ్లు మునుగుతాయి, వేసవిలో సముద్రపు ఉప్పు ఎదురెక్కుతుంది. గట్లు తెంచినవాళ్లు ఉప్పుటేరు సంగతి తేల్చకుండానే ఇళ్లకు పోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు అందరూ బెజవాడ వైపే చూశారు. ఆ ఏరు చివరికి చేరవలసింది కొల్లేటికే. దిగువన సరస్సుకు ఊపిరాడకపోతే ఎగువన ఏరు ఏం చేస్తుంది?

జాతులున్నాయా? గుర్రపు డెక్క ఉంది, పుష్కలంగా ఉంది. కొర్రమీను, మట్టగిడస, జల్ల లాంటి నల్లచేపలు పడవవేసి పట్టుకునే వడ్డీ కులస్థుల బతుకు ఎక్కడుందో మీరే వెళ్లి అడగండి. ఆటపాకలో గూడబాతులు గుడ్లు పెడుతున్నాయి, నిజం, చూడముచ్చటగా ఉంటాయి. కాస్త దగ్గరికెళ్లి చూడండి. చాలా గూళ్లు మనం నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద ఉంటాయి. వాటికి చెట్లు చాలవు. ఏటా పర్యాటకుల పడవలు ఆ స్టాండ్ల దాకా వెళ్లి ఫొటోలు దించుకుని వస్తాయి. సరస్సు బాగుపడిందనడానికి ఆ ఫొటోనే సాక్ష్యం.

జనాన్ని కూర్చోబెట్టారా? చెరువు పోయిన సొసైటీ సభ్యుడికి వేరే బతుకుదెరువు చూపిస్తామన్నారు. మాటలు చాలా చెప్పారు. చాలీచాలని సాయంతో వదిలేస్తే అతను ఏం చెయ్యాలి? లీజుదారు మళ్లీ వచ్చి డబ్బు చూపించాడు. గట్టు మళ్లీ లేచింది. దీన్ని అత్యాశ అనేవాళ్లు ఒక్క వానాకాలం ఆ లంకల్లో ఉండి రావాలి.

నన్నడిగితే కొల్లేటికి ఆరింట్లో ఒక్కోదానికి ఒక నక్షత్రం, గూడబాతుల మొహం చూసి ఇంకో అర. నా లెక్క తప్పనే చెప్పండి. సంతోషిస్తాను. కానీ తప్పని చెప్పడానికి ప్రభుత్వం దగ్గర 2006 నాటి కొలతలు ఉండాలి కదా? ఆ రోజు నీటి ఉప్పదనం ఎంత, లోతు ఎంత, ఏ చేప ఎంత, ఏ నాచు ఎంత అని కొలిచి, ఏటా అదే చోట అదే పద్ధతిలో మళ్లీ కొలిచి, జనం ముందు పెట్టి ఉంటే ఈ వాదన ఇంతకాలం సాగేదా? మూడో కాంటూరా ఐదో కాంటూరా అన్న గొడవ ఎన్నికల వేదికల మీద కాక కొలతల మీద తేలి ఉండేది.

చేతకాని పని అయితే దిగులు పడి ఊరుకోవచ్చు. చేతనైన పనే. అక్కడికి ఎంతో దూరం లేదు, గోదావరి సముద్రంలో కలిసే కోరంగి మడ అడవుల్లోనే చేసి చూపించారు. పూర్వం వంతులవారీగా మడ నరికిన చోట్ల నేల ఎండకు ఎండి కుంగిపోయింది. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు వెనక్కి పోదు. నిలిచిన నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పులో ఏ విత్తనం మొలవదు. అక్కడ ఎన్ని లక్షల మొక్కలు గుచ్చినా చచ్చేవే. 1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల సమితులు కలిసి ముందు చచ్చిన కారణం వెతికాయి. ఏటి పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు, చేప ముల్లు ఆకారంలో తవ్వారు. పోటుకు వచ్చిన నీరు పాటుకు బయటికి పోవడం మొదలైంది. ఉప్పు తగ్గింది. అప్పుడు తెల్ల మడ నాటారు. తర్వాత చాలా భాగం మడ తనకు తానే పుట్టుకొచ్చింది. కాలువ పూడితే ఊరివాళ్లే తీసుకున్నారు. ఉమ్మడి ప్రమాణాల పుస్తకం పుట్టక ముందే, ఆ పుస్తకంలో ఉన్న ముఖ్యమైన మాటలన్నీ మన గోదావరి బురదలో జరిగిపోయాయి.

ఇలా కాకుండా గుచ్చుకుంటూ పోతే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2004 సునామీ తర్వాత లోకమంతా డబ్బు పంపింది. 23 చోట్ల వెయ్యి హెక్టార్లకు పైగా మడ నాటారు. తర్వాత పరిశోధకులు వెళ్లి లెక్కిస్తే నిలిచింది రెండొందల పైచిలుకు హెక్టార్లు. తొమ్మిది చోట్ల ఒక్క మొక్క మిగల్లేదు. నాటకూడని చోట, నాటకూడని జాతి, నాటాక పట్టించుకున్న దిక్కులేదు. ఆ దేశాన్ని నేను వెక్కిరించను. వాళ్లు లెక్క బయటపెట్టారు. మనం ఆ పాటి చెయ్యలేదు. 2023లో మన కేంద్రం మిష్టీ పథకం పెట్టి 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచుతామంది. అంతకు మూడేళ్ల ముందే, 2020లో, కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం ఉన్న మడనే పూడుస్తుంటే జనం హరిత ట్రిబ్యునల్ దాకా పరిగెత్తాల్సి వచ్చింది. ఒక శాఖ నాటుతుంది, ఒక శాఖ పూడుస్తుంది, రెండు శాఖలూ ప్రగతి నివేదికలు ఇస్తాయి.

చెట్టు నాటడమే తప్పయ్యే చోట్లు కూడా ఉన్నాయని చెబితే మన ఆఫీసుల్లో నవ్వుతారు. రోళ్లపాడు పేరు విన్నారా? బట్టమేక పిట్ట కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లాలో పెట్టిన చిన్న అభయారణ్యం. ఆ పిట్టకు బయలు కావాలి, గడ్డి కావాలి, చుట్టూ జొన్నచేను లాంటి మెట్టపంట కావాలి. కాలువ నీళ్లొచ్చి సాగు మారింది, పిట్ట కనుమరుగైంది. ఇలాంటి గడ్డినేలలు మన రికార్డుల్లో బంజరు. బంజరు కనబడితే గుంట తవ్వాలని చేతులు దురద. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గ్రీన్ క్రెడిట్ పద్ధతి అలాంటి భూముల్లో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు, చెట్టుకో క్రెడిట్ అంది. మనదేశం ఒక ఉమ్మడి కొలత అంటూ పెట్టుకుంటే అదీ చెట్ల తలకాయల లెక్కే అయింది. విమర్శలొచ్చాక 2025లో మార్చారు, ఐదేళ్ల తర్వాత 40 శాతం నీడ ఉండాలన్నారు. కాస్త నయం. కానీ గడ్డినేల మీద 40 శాతం నీడ పడిందంటే అక్కడ గడ్డి చచ్చిందని అర్థం.

హైదరాబాద్ కంచ గచ్చిబౌలి గొడవ నిన్నమొన్నటిది. 2025 మార్చి ఆఖరున యూనివర్సిటీ పక్కనున్న ఆ అడవి మీద రాత్రింబవళ్లు బుల్డోజర్లు నడిచాయి. విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించేనాటికి వందెకరాల దాకా చదునైపోయింది. అడవిని పూర్వంలా చెయ్యండి, లేకపోతే అధికారులు జైలుకు పోతారు అని కోర్టు గట్టిగానే హెచ్చరించింది. చెవులకు ఇంపుగా ఉంది. కానీ పూర్వం అంటే ఏది? గుండు మీద గుండు నిలిచిన రాళ్లు, వాటి సందుల్లో గడ్డి, పొద, మర్రి, కుంటల చుట్టూ తుంగ, తాబేళ్లు, జింకలు. అది రాసిపెట్టుకోకుండా వరసగా వేప, కానుగ గుంటలు తీసి నీళ్లు పోసి "ఆదేశం పాటించాం" అంటే కాదనడానికి చేతిలో ఏముంది? నమూనా తావు ఎదురుగానే ఉంది, మిగిలిన మూడొందల ఎకరాలే నమూనా. దాన్ని కొలిచి రాసే పని ఒక్క వానాకాలంలో అయ్యేది.

డబ్బు లేదని మాత్రం ఎవరూ అనకూడదు. అడవి తీసుకున్నవాళ్లు కట్టిన పరిహారం సొమ్ము ఏళ్ల తరబడి మూలిగి, 2016లో చట్టం వచ్చి, 2019 ఆగస్టులో 47 వేల కోట్లకు పైగా రాష్ట్రాలకు చేరింది. అందులో తెలంగాణకు మూడు వేల కోట్ల పైమాట, ఆంధ్రప్రదేశ్‌కు 1,700 కోట్ల పైమాట. ఆ పద్ధతి ఎలా నడిచిందో కాగ్ 2013లోనే చెప్పింది. పోయిన అడవికి బదులు రావలసిన భూమి 1.03 లక్షల హెక్టార్లు, చేతికొచ్చింది 28 వేలు, మొక్కలు నాటింది ఏడు వేల చిల్లర. ఈ అంకెలు పార్లమెంటు బల్ల మీద పెట్టారు. ఏ మంత్రి రాజీనామా చేశాడు? ఏ అధికారి ఇంక్రిమెంటు ఆగింది? గ్రేట్ నికోబార్ దీవిలో 130 చదరపు కిలోమీటర్ల వానల అడవిని ప్రాజెక్టుకిచ్చి, బదులుగా హర్యానాలో చెట్లు పెంచుతామన్నారు. సముద్రం మధ్య అడవికి ఆరావళి ముళ్లపొదల్లో పరిహారం! ఉమ్మడి ప్రమాణం ఒక్కటి చట్టంలో ఉండి ఉంటే ఆ కాగితం మొదటి గుమస్తా బల్ల దగ్గరే ఆగిపోయేది.

నాకూ ఒక భయం ఉంది, దాచను. రేపు ఈ ప్రమాణాలూ ఇంకో ఫారం అయిపోవచ్చు. కన్సల్టెంటు వస్తాడు, ఆరు గడులు నింపుతాడు, ఐదు నక్షత్రాలు తానే వేసుకుంటాడు. అందుకే నాటినవాడు కాకుండా వేరేవాడు కొలవాలి. కొలిచినవాడి కాగితం గ్రామసభలో చదవాలి. చివరి విడత సొమ్ము ఐదో ఏడు బతికిన లెక్క చూశాకే విడుదల కావాలి. అటవీ శాఖ, ఉపాధి హామీ, నీటిపారుదల, పురపాలకం, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, ఎవరు నాటినా కొలిచే కట్టె ఒకటే ఉండాలి. ఈ నాలుగు మాటలకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో జీవో చాలు. రెండు రాష్ట్రాల్లో ఏ ఒక్కటీ ఇవ్వలేదు. ఇవ్వమని పట్టుబట్టిన ప్రతిపక్షమూ నాకు కనబడలేదు. దున్నపోతు మీద వాన పడుతూనే ఉంది.

కాబట్టి అడగవలసింది మనమే. మీ ఊళ్లో, మీ కాలనీలో మొక్కల బోర్డు ఒకటి ఉండే ఉంటుంది. దాని మీది సంవత్సరం, పని పేరు రాసుకోండి. ఆ పని ప్లాంటేషన్ జర్నల్ నకలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాటకముందు ఆ నేల మీద ఏముండేదో రాసిన కాగితం అడగండి. మూడో ఏడు ఎన్ని బతికాయో, ఎవరు లెక్కించారో అడగండి. లేవంటే, లేవని రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. జవాబివ్వడానికి వాళ్లకున్న గడువు ముప్పై రోజులు. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది.